అంతస్తులు - వాడకట్టులు : కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇళ్ళ చరిత్రలో కొన్ని పుటలు



మా ఇంటి తులసికోట మీద ఉదయపుటెండ పడక రెండేళ్ళయింది. కామారెడ్డిలో ఈ ఇల్లు 1992లో కట్టుకున్నాము. ఉపాధ్యాయుని జీతము, ఇంటి అప్పు, ఇల్లాలి గాజులు మూడూ కలిస్తే మూడు గదులు లేచాయి. తూర్పున నాతోపాటు పనిచేసిన లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయన కాలం చేసిన తరువాత పిల్లలు ఆ స్థలాన్ని అపార్టుమెంటు కట్టడానికి ఇచ్చారు. బండ్లు నిలిపే చోటు పోను పైన ఐదంతస్తులు లేచాయి. ఇప్పుడు పది దాటితే గాని మా వాకిట్లోకి ఎండ రాదు. కట్టించినాయనతో ఒకనాడు ఈ మాట అన్నాను. ఆయన మర్యాదస్థుడే. "సారూ, రూలు ప్రకారమే జాగ విడిచినం. ఎండకు రూలు లేదు గద" అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ఎండకు నిజంగానే రూలు లేదా? ఒకడు ఇల్లు కట్టుకుంటే పక్కవాని వెలుతురు, చూరు, మురుగు ఏమి కావాలో మనవాళ్ళు ఎన్నడూ ఆలోచించలేదా? ఈ ప్రశ్న వెంట పోతే అర్థశాస్త్రం దాకా, ఇటు మా ఎల్లారెడ్డిలోని పాత ఇంటి అరుగు దాకా పోవలసి వచ్చింది. రాజుల కథలే చరిత్ర కాదని, జనం తిన్న తిండీ కట్టిన బట్టా ఉన్న ఇల్లూ కూడా చరిత్రేనని 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో సురవరం ప్రతాపరెడ్డి గారు మనకు చూపించారు. ఆ ధైర్యంతోనే ఈ టపా వ్రాస్తున్నాను.

గడప లెక్క

నేను పుట్టింది ఎల్లారెడ్డిలో. మట్టిగోడలు, గూనపెంకులు, నడుమ వాకిలి, వెనుక దొడ్డి, దొడ్డిలో చేదబావి. ఇంటి ముందు రెండు వైపులా అరుగులు. మా చిన్నతనంలో "ఊళ్ళో ఎన్ని ఇళ్ళు?" అని అడిగేవారు కారు, "ఎన్ని గడపలు?" అనేవారు. గడప అంటే ద్వారం కింది కొయ్య మాత్రమే కాదు. పసుపు రాసి బొట్టు పెట్టే చోటు అది. ఇంటి లోపలిదీ వీధిదీ అక్కడ వేరవుతాయి, అక్కడే కలుస్తాయి కూడా.

అరుగు సంగతి ఇంకా విచిత్రమైనది. స్థలం ఇంటివానిది, సుఖం వీధిది. మిట్టమధ్యాహ్నం గంప దించుకున్న కూరగాయల అవ్వ, ఉత్తరం చదివించుకోవడానికి వచ్చినవాడు, సాయంకాలం పులిజూదం ఆడే ముసలివారు, ఎవరూ అనుమతి అడిగేవారు కారు. తన భూమిలో రెండు మూరలు వీధికి ఇచ్చివేయడం ఏ చట్టమూ చెప్పలేదు. ఇవ్వనివాడిని మాత్రం ఊరు గుర్తుంచుకునేది.

అయితే పాతదంతా బంగారమని వ్రాస్తే అది చరిత్ర కాదు. మనం ఇంత ప్రేమగా చెప్పుకునే వాడకట్టు కులాన్ని బట్టి గీసిన గీత. ఏ వాడలో ఎవరుండాలో పుట్టుకే నిర్ణయించేది. అరుగు అందరిదీ అన్నాను గాని, ఆ "అందరి"లో లేనివారు ఉన్నారు. దళిత వాడలు ఊరికి ఎడంగా ఉండేవి. ఇక ఎత్తు సంగతి. దొర గడి కంటే ఎత్తుగా ఇల్లు లేపే సాహసం ఎవరూ చేసేవారు కాదని మా తాతగారు చెప్పేవారు. తెలుగులో "అంతస్తు" అన్న మాటకు మేడ మీది వరుస అన్న అర్థమూ ఉంది, సంఘంలో ఒకరి హోదా అన్న అర్థమూ ఉంది. ఒకే మాట రెండింటికీ సరిపోవడం ఊరికే జరిగినది కాదని నా అభిప్రాయము.

సామంతుడు ఎవరు?

విద్యార్థి దశలో "సామంతుడు" అంటే చక్రవర్తికి కప్పం కట్టే చిన్నరాజు అని నేర్చుకున్నాము, నేర్పించాము. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఈ మాటకు ఉన్న అర్థం పొరుగువాడు. తన హద్దుకు ఆనుకొని ఉన్నవాడు సామంతుడు. గ్రంథం మూడవ అధికరణంలో ఇళ్ళ తగవుల ప్రస్తావన వస్తుంది. ఇల్లు, పొలం, తోట, చెరువు వంటి వాటి వివాదాలకు సామంతుల మాటే ఆధారమని అక్కడ నియమం. ఇంటికీ ఇంటికీ నడుమ విడువవలసిన ఖాళీ, చూరునీరు పడే తీరు, మురుగుకాలువ ఎంత ఎడంగా ఉండాలి, వెలుతురుకు కిటికీ ఎక్కడ పెట్టాలి అన్నవన్నీ ఆయన పట్టించుకున్నాడు. అతిక్రమిస్తే దండుగ. ఇన్ని కొలతలు చెప్పి, పక్కపక్క ఇళ్ళవారు తమలో తాము ఒప్పుకొని ఇష్టమైనట్లు కట్టుకోవచ్చునని కూడా అన్నాడు. అనగా కొలత కన్నా పొరుగువాని ఒప్పుదల పెద్దది.

ఇంకొక ముచ్చట. ఇల్లు అమ్మదలచినవాడు ఆ ఇంటి ఎదుటనే, నలభై పొరుగు కుటుంబాలవారు వినగా చాటించాలట. కొనే హక్కు ముందు జ్ఞాతులకు, తరువాత పొరుగువారికి, ఆ తరువాత అప్పిచ్చినవారికి. మా పక్క స్థలం చేతులు మారిన సంగతి నాకు పునాది గుంతలు తవ్వుతున్న నాడు తెలిసింది.

మేడల మాటకు వస్తే, అవి పడమటి దేశాల నుండి వచ్చాయనుకోవడం పొరపాటు. మయమతము పన్నెండు అంతస్తుల దాకా కట్టడాలను చెప్పింది. శిల్పగ్రంథాలలో అంతస్తుకు "భూమి" అని ఒక పేరు. ఒకటే అంతస్తయితే ఏకభూమి, రెండయితే ద్విభూమి. పైకి లేచిన ప్రతి వరుసా ఒక కొత్త నేల అన్నమాట. ఈ పదాన్ని గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉంది.

పడమటివారికీ ఈ తిప్పలు తప్పలేదు. రోము నగరంలో అద్దె మేడలు కూలి జనం చస్తుంటే అగస్టస్ చక్రవర్తి వాటి ఎత్తు 70 అడుగులు దాటరాదన్నాడు. ట్రాజన్ దానిని 60కి తగ్గించాడు. న్యూయార్కులో 1915లో ఈక్విటబుల్ బిల్డింగు అనే మహా సౌధం లేచి చుట్టుపక్కల వీధులను నీడలో ముంచింది. మరుసటి ఏడే, 1916లో, పైకి పోయినకొద్దీ భవనం వెనుకకు తగ్గాలని అక్కడ నియమం చేశారు. కాబట్టి ఎండకు రూలు ఉన్నది. మా వీధిలో లేదు, అంతే.

రైలు వచ్చిన ఊరు, రాని ఊరు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పేర్లను మా ప్రాంతంలో అన్నదమ్ముల పేర్లలాగా జంటగా పలుకుతారు. కాని రెండింటి జాతకాలు వేరు. అది ఇళ్ళలోనే కనబడుతుంది.

సికింద్రాబాదు నుండి మన్మాడు పోయే మీటరుగేజి మార్గాన్ని హైదరాబాదు గోదావరి లోయ రైల్వేవారు 1899-1901 నడుమ వేశారు. ఆ దారిలో కామారెడ్డి ఒక స్టేషను. అంతకుముందు ఈ సీమలో పెద్దరికం దోమకొండ సంస్థానానిది. రైలు కూత కామారెడ్డిలో వినబడటంతో కోట ఉన్న ఊరు వెనుకబడింది, స్టేషను ఉన్న ఊరు ముందుకు వచ్చింది. బెల్లం గంపలు బండ్ల మీద వచ్చి స్టేషను చేరేవి. స్టేషను రోడ్డు, గంజి, వాటి చుట్టూ కింద దుకాణం, పైన కాపురంగా ఉండే వర్తకుల ఇళ్ళు. కామారెడ్డిలో మేడ అన్నది అంగడి వెంట వచ్చిందని చెప్పవచ్చు. ఆ తరువాత నాగపూరు పోయే 7వ నంబరు జాతీయ రహదారి, నేటి 44వ నంబరు, ఆ ఊరికి రెండవ వరమైంది.

ఎల్లారెడ్డికి దక్కింది నీళ్ళు. దగ్గరలోని పోచారం జలాశయం 1922 నాటిది. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. అయితే నిజాంసాగర్ నీరు ఎక్కువగా దిగువకు, బాన్సువాడ, బోధన్ వైపు పోయింది. చెరకు పండింది, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. ఆనకట్ట ఇటు, సంపద అటు. ఎల్లారెడ్డి తాలూకా ముఖ్యపట్టణంగా ఉండి కూడా నింపాదిగానే పెరిగింది. అందువల్లనే అక్కడ అరుగులు ఎక్కువకాలం బతికాయి. మా పాత వీధిలో నిరుడు లెక్కబెట్టాను. నాలుగు మిగిలి ఉన్నాయి. ఒకదాని మీద బట్టల దుకాణం పలక పెట్టారు.

రెండు ఊళ్ళ నడుమ దారిలో లింగంపేట వస్తుంది. అక్కడి నాగన్న బావిని ఇటీవలి ఏళ్ళలో పూడిక తీసి బాగుచేశారు. మెట్లు దిగి నీటిని చేరుకునే ఆ కట్టడాన్ని చూసినప్పుడు నాకు ఒక సంగతి తోచింది. మన పూర్వులు అంతస్తులు కట్టారు, కొన్నింటిని పైకి, మరికొన్నింటిని కిందికి. కిందికి కట్టినవి ఊరందరివి.

చట్టం నడిచిన దారి

1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత 1912లో హైదరాబాదులో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పు వీధులలో కొత్త ఇళ్ళు కట్టించింది. ఇల్లు కట్టడం ఊరివారి పెద్దరికం నుండి ప్రభుత్వపు కొలబద్ద చేతికి పోవడం మన సీమలో అక్కడ మొదలైందనుకుంటాను. అపార్టుమెంట్లు హైదరాబాదులో బాగా వ్యాపించిన పిదప, 1987లో ఉమ్మడి రాష్ట్రంలో అపార్టుమెంట్ల నిర్మాణానికీ యాజమాన్యానికీ ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. 2012లో రాష్ట్రమంతటికీ భవన నిర్మాణ నియమావళి ఒకటి వచ్చింది. స్థలం ఎంత, ముందరి రోడ్డు ఎంత, ఎత్తు ఎంత అన్నదానిని బట్టి చుట్టూ విడువవలసిన ఖాళీని అది నిర్ణయించింది. 18 మీటర్లకు లోబడిన కట్టడాలకు ఒక తీరు, దాటినవాటికి మరొక తీరు. కొనేవారి రక్షణకు 2016లో కేంద్రం రెరా చట్టం తెచ్చింది. 2020లో తెలంగాణలో టీఎస్-బీపాస్ చట్టం వచ్చి, చిన్న ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి, పెద్దవాటికి 21 రోజుల గడువు పెట్టింది. కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. అది మేలే.

కాని ఈ చట్టాల వరుసలో ఒకరు కనిపించరు. స్థలం యజమాని ఉన్నాడు, నిర్మాత ఉన్నాడు, అధికారి ఉన్నాడు, 2016 తరువాత కొనుగోలుదారూ ఉన్నాడు. సామంతుడు లేడు. కౌటిల్యుడు కొలత చెప్పి, దానిపైన పొరుగువాని ఒప్పుదలను ఉంచాడు. మనం కొలతను ఉంచుకొని ఒప్పుదలను వదిలేశాము.

ఇక "భూమి" మాటకు వస్తాను. అపార్టుమెంటులో ఇల్లు కొన్నవారి దస్తావేజులో విభజించరాని భూమి వాటా అని ఒకటి ఉంటుంది. నాలుగవ అంతస్తు వానికి ముప్పయి, నలభై గజాల నేల తనదే. కాని ఎక్కడ అంటే చూపించలేడు. శిల్పశాస్త్రం ప్రతి అంతస్తునూ భూమి అన్నది. మన దస్తావేజు ఆ భూమిని కాగితం మీదకు ఎక్కించింది. మొక్క నాటుకోవడానికి, గడపకు ముగ్గు వేయడానికి అది పనికిరాదు. అపార్టుమెంటు అన్న ఆంగ్లపదానికి మూలం ఇటాలియను భాషలో ఉంది. వేరుపరచడమే దాని మొదటి అర్థము. పేరు సార్థకమైందనే అనాలి.

కామారెడ్డి చూసిన మూడు సంఘటనలు

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా అయింది. కార్యాలయాలు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, నేల ధర పెరిగింది. 2018లో దేవునిపల్లి, అడ్లూరు, టేక్రియాల్ వంటి చుట్టుపక్కల ఊళ్ళు పురపాలకంలో కలిశాయి. అదే ఏడు ఎల్లారెడ్డి కూడా పురపాలకమైంది. విద్యానగర్, అశోక్‌నగర్ వంటి పాత కాలనీలలో ఒంటి ఇళ్ళ నడుమ అపార్టుమెంట్లు లేవడం ఈ కాలంలో బాగా హెచ్చింది.

మొదటి సంఘటన 2023 జనవరి నాటిది. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు పారిశ్రామిక మండలంలోకి, వంద అడుగుల రోడ్లలోకి పోతున్నాయని రైతులు ఆందోళన చేశారు. అడ్లూర్ ఎల్లారెడ్డికి చెందిన ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. మరునాడు వేలాది మంది కలెక్టరు కార్యాలయం ముందు చేరారు. ఆ నెల 20న పురపాలక సంఘం ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. ఊరి భవిష్యత్తు పటం గీసినవారికీ ఆ పటంలోని నేల మీద నిలుచున్నవారికీ మధ్య మాట జరుగకపోతే ఏమవుతుందో ఆ నెల రోజులలో చూశాము.

రెండవది 2024 జనవరిలో జరిగింది. రోడ్డు వెడల్పు కోసం స్థానిక శాసనసభ్యులు కాటిపల్లి వెంకటరమణారెడ్డి తమ సొంత ఇంటినే కూల్పించారు. రాజకీయాలు ఎట్లా ఉన్నా, "ముందు నా గోడ" అన్న పద్ధతి ఊళ్ళో చాలారోజులు చర్చకు వచ్చింది.

మూడవది 2025 ఆగస్టు చివరి వాన. జిల్లాలో కొన్ని చోట్ల ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లు దాటింది. పట్టణంలో జీఆర్ కాలనీ వంటి చోట్ల ఇళ్ళు మునిగాయి. భిక్కనూరు వైపు రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. నూరేళ్ళు దాటిన పోచారం ఆనకట్ట మాత్రం తన లెక్కకు మించిన వరదను మోసి నిలిచింది. నీరు తన పాత దారిని మరువదు. ఒంటి ఇల్లు ఉన్నప్పుడు పెరట్లోకి ఇంకిన వాన, ఆ స్థలమంతా సిమెంటు పరిస్తే పక్క వాకిట్లోకి పోతుంది. ఆ రాత్రి మా వీధిలో నీళ్ళు అట్లాగే వచ్చాయి. పక్క అపార్టుమెంటు నేల మా కంటే రెండడుగులు ఎత్తు. వారి స్థలంలో పడిన వాన మా గడప దాటింది.

నా పక్షం

ఇంతవరకు చదివినవారు నేను అపార్టుమెంట్లకు విరోధినని అనుకోవచ్చు. రెండేళ్ళ క్రితం అయితే ఔననే అందును.

ఆ వరద రాత్రే, నీళ్ళు మోకాలి దాకా వచ్చినప్పుడు, ఆ అపార్టుమెంటులో మూడవ అంతస్తులో ఉండే యువకుడు టార్చి పట్టుకొని వచ్చాడు. "సార్, మీరూ అమ్మా పైకి రాండ్రి" అన్నాడు. నా పుస్తకాల పెట్టెలు నాలుగు అతడే మోశాడు. మేము ఆ రాత్రి వారి ఇంట్లో పడుకున్నాము. తెల్లవారి టీ తాగుతూ మాట్లాడితే తెలిసింది. అతడు ప్రభుత్వోద్యోగి, దళితుడు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో మా కాలనీలోనే అద్దెకు ఇల్లడిగితే మూడు ఇళ్ళవారు పేరు, ఊరు, ఇంటిపేరు అడిగి "ఖాళీ లేదు" అన్నారట. అపార్టుమెంటులో అమ్మినవాడు డబ్బు తప్ప ఏమీ అడగలేదు. ఆ మూడు ఇళ్ళకూ అరుగులున్నాయి. నాకు తెలుసు.

అప్పటి నుండి నా ప్రశ్న మారింది. అపార్టుమెంటు రావచ్చునా అన్నది కాదు ప్రశ్న. అది నేలను ఎట్లా తాకాలి అన్నది. ఎత్తు కన్నా మొదటి ఆరడుగులే వీధికి ముఖ్యము. అక్కడ ఎత్తైన ప్రహరీ, ఇనుప గేటు, బండ్లు తప్ప మరేమీ లేకపోతే అది వాడకట్టులో కలువదు. చట్టం ఎట్లాగూ ముందు కొంత ఖాళీ విడువమంటుంది. పూర్వులు చట్టం లేకుండా వీధికి ఇచ్చిన అరుగు అంత వెడల్పు అందులోనే ఉంది. ఆ ప్రహరీనే నడుమెత్తుకు తగ్గించి, బయటివైపు కూర్చునే అరుగుగా కడితే ఖర్చు పెరగదు. వానను తన నేలలోనే ఇంకించుకునే గుంత తవ్వితే పొరుగువాని గడప తడవదు. పునాదికి ముందు నాలుగు దిక్కుల సామంతులను పిలిచి పటం చూపిస్తే సగం తగవులు పుట్టవు.

ఇదంతా ఇప్పుడెందుకు వ్రాస్తున్నానంటే, మా ఇంటికీ ఆ ఘడియ వచ్చింది. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. ఇద్దరమూ మెట్లు ఎక్కలేని వయసుకు దగ్గరవుతున్నాము. తూర్పున కట్టించిన ఆ మర్యాదస్థుడే మా స్థలం అడుగుతున్నాడు. అబ్బాయి ఇచ్చివేయమంటాడు. మా ఆవిడ తులసికోట వైపు చూసి ఊరుకుంటుంది. నేను ఇవ్వనని అనలేదు. ఒక తెల్లకాగితం మీద మూడు షరతులు వ్రాసి ఇచ్చాను. పడమటి ఇంటివారిని కూర్చోబెట్టి పటం చూపించాలి, వారి ఎండ ఎంత పోతుందో ముందే చెప్పాలి. వాన మా నేలలోనే ఇంకాలి. వీధివైపు అరుగు కట్టాలి, దానికి గేటు ఉండరాదు.

ఆయన చదివి, "అరుగు మీద ఎవరు కూసుంటరు సారూ ఇప్పుడు?" అన్నాడు.

"ముందు కట్టు, ఎవరో ఒకరు కూర్చుంటారు" అన్నాను. కాగితం జేబులో పెట్టుకొని పోయాడు. జవాబు ఇంకా రాలేదు.

మీ మీ ఊళ్ళలో అరుగులు మిగిలి ఉన్నాయా? పాత వీధిలో కొత్త మేడ సామరస్యంగా ఇమిడిన ఉదాహరణ మీ ఎరుకలో ఉంటే తప్పక వ్రాయండి. మా బిల్డరుకు చూపించుకోవాలి.

శుభమస్తు.